పాట మీది, తాళం ఓనరుది

అద్దె షెడ్డులో ఉన్న మెషిన్లను బ్యాంకు వేలంలో పాడుకోవడం తేలిక. కంప్యూటరు ముందు కూర్చుని అంకెలు నొక్కితే చాలు. వాటిని షెడ్డు దాటించి తెచ్చుకోవడమే కష్టం. ఆ కష్టాన్ని పదింతలు చేసుకునే మార్గాలు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా వినబడతాయి. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెబుతారు. అన్నీ ఒకచోట దొరికితే నష్టపోదలచుకున్నవాళ్లకు వెసులుబాటుగా ఉంటుందని ఈ ప్రయత్నం.

ముందు రంగం. చిన్న టూల్‌రూమ్ నడిపే ఒకాయన బ్యాంకు అప్పుతో రెండు సీఎన్‌సీ మెషిన్లు, నాలుగు లేత్‌లు, ఒక పవర్ ప్రెస్ కొంటాడు. మెషిన్లు బ్యాంకుకు హైపోథికేషన్. షెడ్డు వేరొకరిది, నెల అద్దె. ఆర్డర్లు తగ్గుతాయి. మొదట అద్దె ఆగుతుంది, ఆ తర్వాతే బ్యాంకు కిస్తీ ఆగుతుంది. (ఈ వరస గుర్తుంచుకోండి, ఓనరు కోపానికి మూలం ఇక్కడే ఉంది.) ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు అధీకృత అధికారి వచ్చి, ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా చేసి, జాబితా రాసుకుని మెషిన్లను స్వాధీనం చేసుకుంటాడు. అంతే, తీసుకుపోడు. టన్నుల బరువున్న ఇనుమును మోయించి, వేరే గోడౌన్‌కు అద్దె కట్టడం ఎవరికి సరదా? అక్కడే ఉంచి, ఓనరు తాళం పక్కన తనదొక తాళం వేసి, సీలు అంటించి వెళ్లిపోతాడు. నెలలు గడుస్తాయి. వేలం ప్రకటన పడుతుంది. అప్పుడు మీరు ప్రవేశిస్తారు.

చూడకుండా పాడండి

ప్రకటనలో సరుకు చూసుకోవడానికి ఒక తేదీ ఇస్తారు. ఆ రోజు ఇంట్లో శుభకార్యం పెట్టుకోండి. ఫొటోలున్నాయి కదా, చాలు. మరీ మనసొప్పక వెళ్లారే అనుకోండి, మెషిన్ పేరు పలక మీద మోడల్ నంబరు మాత్రం చూసి వెనక్కి వచ్చేయండి. షెడ్డు ఎవరిదని అడగొద్దు. గేటుకి ఎన్ని తాళాలున్నాయో, వాటిలో బ్యాంకుది ఏదో లెక్కపెట్టొద్దు. ఎన్ని నెలల అద్దె బాకీ, కరెంటు ఉందా పీకేశారా, మెషిన్ లోపలికి వచ్చాక గుమ్మం దగ్గర కొత్తగా గోడేమైనా కట్టారా, ఇవన్నీ అనుమానపు మనుషులు అడిగే ప్రశ్నలు. పక్క షెడ్డు వాళ్లతో టీ తాగితే ఇవన్నీ పది నిమిషాల్లో తెలిసిపోతాయి కాబట్టి, టీ అసలే తాగొద్దు.

ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఎక్కడున్నది అక్కడ, ఎలాగున్నది అలాగ, ఏముంటే అది, తర్వాత మమ్మల్ని అడగరాదు అనే అర్థం వచ్చేట్టు నాలుగు షరతులు వరసగా ఉంటాయి. చదివితే నిద్ర పట్టదు. వాటి కింద, డబ్బు కట్టాక ఇన్ని రోజుల్లో సరుకు ఎత్తుకుపోవాలనీ, లేకపోతే రోజుకింత వసూలు చేస్తామనీ మరో షరతు ఉంటుంది. గేటు తెరుచుకోకపోతే ఆ రోజుల లెక్క ఎవరి ఖాతాలో పడుతుందో అందులో రాసి ఉండదు. పాట పాడకముందే బ్యాంకుకు ఒక ఉత్తరం రాసి తేల్చుకోవచ్చు. ఓనరు దగ్గర నిరభ్యంతర పత్రం తెచ్చారా అని కూడా అదే ఉత్తరంలో అడగొచ్చు. ధరావతు కట్టకముందు మీ మాటకు విలువ ఉంటుంది, పూర్తి సొమ్ము కట్టాక ఉండదు. కాబట్టి అడగడమంటూ ఉంటే కట్టాకే అడగండి.

పాట ఎంత దాకా పోవాలంటే, పోటీదారు ఎంత దాకా పోతే అంతకు ఒక మెట్టు పైకి. హైడ్రా క్రేను అద్దె, హమాలీలు, గ్యాస్ కటింగు, లారీ, పగిలిన ఫ్లోరింగు బాగుచేయడం, ఓనరుతో రాజీ ఖర్చు అన్నీ ముందే తీసేసి ఆ మిగిలిన దానిలో పాడేవాళ్లు పాటకు అందం తీసుకురాలేరు.

సర్టిఫికెట్ లామినేషన్ చేయించండి

డబ్బు మొత్తం కట్టగానే అధీకృత అధికారి మీకు విక్రయ ధ్రువపత్రం ఇస్తాడు. 2002 నాటి భద్రతా హక్కుల అమలు నిబంధనల్లో 7వది చెప్పేది అదే. ఆ పత్రం ఇచ్చాక అమ్మకం ఖరారైనట్టే, సరుకు మీదని చెప్పడానికి అది ప్రాథమిక సాక్ష్యం. ఇంత గొప్ప కాగితం చేతిలో ఉండగా ఇంకేం కావాలి? హైడ్రా, లారీ, 8 మంది హమాలీలతో నేరుగా గేటు దగ్గరికి వెళ్లండి. ముందు ఫోన్ చేయడం చిన్నతనం.

వాచ్‌మన్ కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి, ‘సారు ఊరికి పోయిండు, చాబీ నా తాన లేదు’ అంటాడు. ఆ మాటలో అబద్ధం ఉండొచ్చు గానీ చట్టం మాత్రం ఉంది. మీ పత్రం మెషిన్ల గురించి. గేటు గురించి, షెడ్డు గురించి అందులో ఒక్క అక్షరం ఉండదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 36వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకెళ్తుంది. అమ్మిన వస్తువు మూడో మనిషి ఆధీనంలో ఉంటే, ఇకనుంచి దీన్ని కొన్నాయన తరఫున ఉంచుకుంటున్నానని ఆ మనిషి ఒప్పుకునేదాకా అప్పగింత జరిగినట్టు కాదంటుంది. అంటే అధీకృత అధికారిని వెంటబెట్టుకుని, జాబితా చేతపట్టుకుని వచ్చి, ఓనరుతో ఆ ఒక్క వాక్యం రాయించుకుంటే సగం యుద్ధం ముగిసినట్టే. అధికారి రానంటే రాననే రాయించుకోవచ్చు. ఇదంతా తీరుబడి ఉన్నవాళ్ల పని. మీరు వాచ్‌మన్ మీద అరవండి. సాయంత్రానికి ఆ అరుపుల వీడియో ఓనరుకు చేరుతుంది.

ఓనరుకు చట్టం బోధించండి

ఇది నాకిష్టమైన సలహా. ఎందుకంటే ఇందులో మీరు చెప్పేది అక్షరాలా నిజం, దానివల్ల కలిగేది అక్షరాలా నష్టం.

అద్దె బాకీ ఉందని కిరాయిదారు సామాను పట్టి ఉంచుకునే హక్కు షెడ్డు ఓనరుకు లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్, మొత్తం బాకీ తీరేదాకా సరుకు అట్టిపెట్టుకునే హక్కు ఎవరెవరికి ఉందో పేర్లు పెట్టి చెబుతుంది: బ్యాంకర్లు, సరుకు దళారులు, రేవు గిడ్డంగుల వాళ్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లు. మిగతావాళ్లకు ప్రత్యేకంగా ఒప్పందం ఉంటేనే. ఇంటి ఓనరు, షెడ్డు ఓనరు ఆ జాబితాలో లేరు. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల కోసం 1882లో చేసిన స్మాల్ కాజ్ కోర్టుల చట్టంలో అద్దె బాకీకి సామాను జప్తు చేయించే అధ్యాయం ఒకటుంది. అదీ కోర్టు ద్వారానే. పైగా అప్పట్లో హైదరాబాద్ నిజాం గారిది.

ఈ సెక్షన్లన్నీ మొదటి కలయికలోనే, ఆయన అల్లుడి ముందు, గట్టిగా చదవండి. ‘ఏమండీ, మీకు హక్కే లేదు’ అనే మాటతో మొదలుపెడితే ఇంకా బాగుంటుంది. ఆయన గోడు మాత్రం వినొద్దు. వింటే ఇబ్బంది. చాలాచోట్ల ఆయన రిటైరైన ఉద్యోగి, వచ్చిన పీఎఫ్ డబ్బంతా పెట్టి షెడ్డు వేసుకున్నవాడు. కిరాయిదారు ఎగ్గొట్టాడు. ఆ తర్వాత బ్యాంకు నెలల తరబడి ఆయన షెడ్డును ఉచిత గోడౌన్‌గా వాడుకుంది. వేరొకరికి అద్దెకిద్దామంటే మెషిన్లు అడ్డం. రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఆయన కోపం బ్యాంకు మీద. బ్యాంకు గేటు దగ్గరికి రాదు, మీరు వచ్చారు. నన్నడిగితే తాళం వేయడం తప్పే గానీ, కోపం తప్పు కాదు.

ఆయన అడిగే మొత్తాన్ని మూడు ముక్కలుగా విడదీసి మాట్లాడే వాళ్లున్నారు. బ్యాంకు స్వాధీనానికి ముందు అద్దె పాత కిరాయిదారు బాకీ, దాంతో మీకు సంబంధం లేదు. స్వాధీనం నుంచి వేలం దాకా షెడ్డును ఆక్రమించింది బ్యాంకు సరుకు, ఆ లెక్క బ్యాంకుతో తేల్చుకోవాల్సింది. మీరు డబ్బు కట్టిన రోజు నుంచి ఎత్తుకుపోయే రోజు దాకా మాత్రం న్యాయంగా మీదే, అది ఇస్తానని మీరే ముందుగా అనొచ్చు. ఇలా విడదీస్తే 14 నెలల బాకీ గొడవ కాస్తా ఒక నెల బేరంగా మారిపోతుంది, ఆయన పరువు కూడా నిలుస్తుంది. కనుక విడదీయకండి. మొత్తం ఒకే ముద్దగా ఉంచి, పైసా ఇవ్వనని చెప్పి రండి.

ఒకవేళ ఇవ్వాల్సే వస్తే నగదుగా, రసీదు లేకుండా, చీకటి పడ్డాక ఇవ్వండి. వారం తిరక్కుండా ఆయన కొడుకు వచ్చి, ‘నాన్నకు ఇచ్చారేమో అంకుల్, షెడ్డు అమ్మ పేరు మీద ఉంది’ అంటాడు.

తాళం పగలగొట్టేవాళ్లకు

‘నా సరుకు నేను తెచ్చుకుంటే దొంగతనమెలా అవుతుంది?’ టీ కొట్టు దగ్గర అందరూ తలూపే ప్రశ్న ఇది. దీని మీద మెకాలే కాలం నుంచీ పీనల్ కోడ్‌లో ఒక గడియారం కథ ఉంది. బాగుచేయమని ఇచ్చిన గడియారాన్ని సొంతదారు దుకాణంలో జొరబడి, వాడి చేతిలోంచి లాక్కుపోయాడు. గడియారపు మనిషికి ఏమీ బాకీ లేకపోతే అది దొంగతనం కాదు, కానీ అక్రమ ప్రవేశం, దౌర్జన్యం కావచ్చు. బాకీ ఉండి, ఆ బాకీ కోసం వాడు గడియారాన్ని హక్కుగా అట్టిపెట్టుకుని ఉంటే సొంత గడియారం తీసుకోవడం కూడా దొంగతనమే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి కూడా ఈ గడియారం నడిచొచ్చింది.

మీరు మొదటి సగం మాత్రం చదివి, గ్యాస్ కట్టరు తీసుకుని బయల్దేరండి. సంహిత 330వ సెక్షన్ ఇల్లు పగలగొట్టి చొరబడటానికి 6 రకాలు లెక్కపెట్టింది. గోడ దూకడం, తాళం తీయడం రెండూ అందులో ఉన్నాయి. సామాను భద్రపరిచే కట్టడం కూడా ఇల్లు కిందికే వస్తుంది కాబట్టి షెడ్డనే మినహాయింపు దొరకదు. పగలైతే శిక్ష 2 ఏళ్ల దాకా, సూర్యాస్తమయం తర్వాతైతే 3 ఏళ్ల దాకా. వాచ్‌మన్ నిద్రపోతాడని అందరూ రాత్రే ఎంచుకుంటారు. బ్యాంకు సీలు కూడా చింపితే మీ పక్షాన నిలబడాల్సిన ఒక్క సంస్థ కూడా ఎదుటి పక్షానికి వెళ్లిపోతుంది. ఆ రాత్రి వరకూ తప్పు ఓనరుది. తెల్లారేసరికి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చునేది మీరు.

పోలీసుల దగ్గరికి ముందే వెళ్లినా ఇది సివిల్ మ్యాటరంటారు. బ్యాంకు రాతపూర్వకంగా రక్షణ కోరితే కథ వేరు.

బ్యాంకుకు ఏదీ రాయకండి

అన్నీ ఫోన్లోనే నడిపించండి. ‘చూస్తాం సార్’ అనే మాటకు తేదీ ఉండదు, సంతకం ఉండదు. ఆరు నెలల్లో అధికారికి బదిలీ అవుతుంది, కొత్తాయన ఫైలు మొదటి పేజీ నుంచి మొదలుపెడతాడు. ఈ లోపు ఎత్తుకుపోవాల్సిన గడువు దాటిపోతుంది. ఫలానా రోజు హైడ్రాతో వచ్చాను, గేటు తెరవలేదు, ఇవిగో ఫొటోలు, గడువు పొడిగించండి అని ఆ రోజే ఈమెయిల్, స్పీడ్ పోస్టులో పెట్టినవాడిని బ్యాంకు ఏమీ అనలేదు. మీ దగ్గర మాత్రం 200 కాల్స్ ఉన్న ఫోన్ ఉంటుంది.

సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్ లేదా చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ సాయంతో ఆస్తిని చేతిలోకి తీసుకునే దారి ఉంది. మేజిస్ట్రేట్ 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి, కారణాలు రాసి మొత్తం 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. కానీ ఆ దరఖాస్తు వేయాల్సింది అప్పిచ్చిన బ్యాంకు, మీరు కాదు. బ్యాంకు దృష్టిలో మీ డబ్బు వచ్చేసింది, ఫైలు మూసేసినట్టే. దాన్ని మళ్లీ తెరిపించడానికి పనికొచ్చేది మీ ఉత్తరాల కట్ట ఒక్కటే. మీరు రాయలేదు కాబట్టి నిశ్చింత.

వేలం దివాలా చట్టం కింద లిక్విడేటర్ వేసినదైతే దారి వేరు. అక్కడ ఎన్‌సీఎల్‌టీకి ఆ చట్టం 60(5)వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలి. ఈ తేడా పట్టించుకోకుండా బంధువుల్లో ఎవరు లాయరైతే వాళ్లు వెళ్లే కోర్టుకే వెళ్లండి. అధికార పరిధి లేదని తెలుసుకోవడానికి ఒక ఏడాది పడుతుంది.

మెషిన్ సంగతి మరిచిపోండి

ఇనుమేగా, ఎక్కడికి పోతుంది? నిజానికి చాలా దూరం పోతుంది. చాలా సీఎన్‌సీ కంట్రోలర్లలో మెషిన్ పారామీటర్లు ఒక చిన్న బ్యాటరీ మీద నిలిచి ఉంటాయి. కరెంటు లేకుండా నెలలు గడిచి ఆ బ్యాటరీ అయిపోతే జ్ఞాపకమంతా చెరిగిపోతుంది. దాన్ని తిరిగి ఎక్కించాలంటే కంపెనీ ఇంజనీరు రావాలి. రెండు వానాకాలాలు తుడవని స్లైడ్‌వేల మీద తుప్పు గుంటలు పడతాయి. మోటార్లలో రాగి ఉంటుంది, రాగికి కాళ్లుంటాయి. సర్వో మోటార్లు, డ్రైవ్‌లు, కంట్రోల్ కార్డులు సంచిలో పట్టేంతవి, మెషిన్ ధరలో పెద్ద వాటా వాటిదే. అవి పోయాక మిగిలేది కిలోల లెక్కన అమ్ముడుపోయే పోత ఇనుము.

వేరే ఒప్పందం లేకపోతే సరుకు మీదైన క్షణం నుంచి దానికి జరిగే నష్టం కూడా మీదేనని విక్రయ చట్టం 26వ సెక్షన్ అంటుంది, అది మీ చేతికి అందినా అందకపోయినా సరే. కాబట్టి బీమా తీసుకోకండి. కోర్టుకు వెళ్లినా ముందుగా అడ్వకేట్ కమిషనర్‌ను పంపి లోపల ఏమేం ఉన్నాయో రాయించమని అడగకండి. రేపు కార్డు లేదని మీరంటే, అది ఎప్పుడూ లేదని ఓనరంటాడు. కోర్టు ఎవరిని నమ్మితే వాళ్లది నిజం.

ఇక జీఎస్టీ. పాట మీద 18% అదనంగా కట్టి ఉంటారు. సరుకు చేతికి అందనిదే ఆ పన్ను క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదని చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. లాట్లుగా వస్తే చివరి లాటు వచ్చాకే. ఆ క్రెడిట్‌కు ఒక ఆఖరు తేదీ కూడా ఉంది, ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30. ఓనరు వేసిన 200 రూపాయల తాళం మీ పన్ను డబ్బును కూడా బంధించిందని మీ ఆడిటరు చెప్పేదాకా తెలుసుకోకండి.

గేటు తెరిచిన రోజు

దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడంటారు గానీ, ఎప్పుడో ఒకప్పుడు పూజారి కూడా అలిసిపోతాడు. ఆ రోజు పాటించాల్సినవి ఉన్నాయి.

జాబితా ఇంట్లో మరిచి రండి. కనబడినదల్లా లారీకెక్కించండి: గోడకున్న ప్యానెల్ బోర్డు, పైన ఈఓటీ క్రేను, మూలనున్న కంప్రెసరు. వాటిలో కొన్ని ఓనరువి అయి ఉండొచ్చు, కొన్ని ఆస్తి బదిలీ చట్టం భాషలో కట్టడానికి అతుక్కున్నవి అయి ఉండొచ్చు. మొన్నటిదాకా తప్పుడు పక్షంలో ఉన్న ఓనరుకు ఇంతకన్నా మంచి బహుమతి ఇవ్వలేం. ఈసారి ఆయన పెట్టే దొంగతనం కేసు నిజమైనదే.

పునాది బోల్టులను వదులు చేసి తీయొచ్చు. ఓపిక లేకపోతే నేల పగలగొట్టండి. అతికించిన సామాను తీసుకుపోయేవాడు స్థలాన్ని తీసుకున్నప్పటి స్థితిలో వదిలిపోవాలని ఆ చట్టమే 108వ సెక్షన్‌లో కిరాయిదారుకు చెబుతుంది. మీరు కిరాయిదారు కాదు కదా అని వాదించండి. ఫ్లోరింగు ఖర్చులో పదో వంతు విలువ కూడా చేయదు ఆ వాదన.

ఈ-వే బిల్లు పొద్దున్నే తీసేయండి, ఓనరు వస్తాడో రాడో తర్వాత సంగతి. దూరం ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దాని ఆయుష్షు. మామూలు లారీలో పట్టని భారీ సరుకైతే ప్రతి 20 కిలోమీటర్లకు ఒక రోజు. సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డ లారీకి ఇదంతా ఎంతో వినోదం.

ఓనర్లూ నిరాశపడనక్కర్లేదు, మీకూ ఒక ముక్క. తాళం వేసి ఫోన్ కట్టేయండి. బ్యాంకు స్వాధీన నోటీసుకు జవాబుగా, ఈ తేదీ నుంచి షెడ్డు వాడకానికి నెలకింత ఇవ్వాలని ఒక్క ఉత్తరం రాసుంటే మీ చేతిలో ఆధారం ఉండేది. రాయకపోవడం వల్ల తాళమొక్కటే మిగిలింది. ఆ తాళం వల్ల అద్దె రాదు, కొత్త కిరాయిదారు రాడు, నష్టపరిహారం దావా మాత్రం వస్తుంది.

పాటదారులకు ఆఖరి మాట. పైవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే ఒకనాడు ఓనరు తరఫున మధ్యవర్తి వచ్చి, ఎలాగూ పాడైపోయాయి కదా, తుక్కు ధరకు మాకే ఇచ్చేయండి అంటాడు. కాటా కూడా వాళ్లే చూపిస్తారు. అభిమానం అడ్డొచ్చి కాదన్నారా, కదిలే ఆస్తిని తిరిగి రాబట్టుకునే దావాకు 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 3 ఏళ్ల గడువుంది. తొందరేం లేదు, ఆఖరి వారంలో లాయరును కలవండి. సంక్రాంతి సెలవులు కలిసొచ్చేట్టు చూసుకోండి.